అచ్చుకూటమునకు రెండవ ప్రతి

సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమర్రిలో, కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్లు కట్టించిన ఆలయముల యెదుట నిలిచి, క్రీ.శ. 1208 నాటి గణపతిదేవుని కాలపు శాసనాక్షరములను వ్రేలితో తడవి చూచినవారికి, ఎనిమిది శతాబ్దములు ఎండకును వానకును ఓర్చి నిలిచిన ఆ రాతికి వేరొక ప్రతి అక్కరలేదనియే తోచును. కాని ఆ యూరిపేరే ఇంటిపేరుగా గల పదునైదవ శతాబ్దపు కవి పిల్లలమర్రి పినవీరభద్రుని కృతుల గతి వేరు. శృంగార శాకుంతలము, జైమినిభారతము అను రెండు మాత్రమే మనకు దక్కినవి. అవతారదర్పణము, నారదీయము, మాఘమాహాత్మ్యము, మానసోల్లాససారము పేర్లుగా మాత్రము మిగిలినవి. గుణతారతమ్యము చేతనే ఆ రెండు నిలిచి ఈ నాలుగు నశించినవని నేననుకొనను. తాటాకు పురుగునకును, చెదకును, చెమ్మకును లోబడు వస్తువు. రెండు మూడు తరముల కొకమారు ఎవరో యొక లేఖకుడు గంటము చేతబట్టి క్రొత్త యాకులపై తిరిగి వ్రాసిన గ్రంథము బ్రదికెను, వ్రాయనిది పోయెను. పందొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌను దొర పండితులకును లేఖకులకును జీతములిచ్చి, దొరికిన తాళపత్రములకెల్ల కాగితపు ప్రతులు వ్రాయించియుండనిచో, మనము నేడు చదువుకొను ప్రాచీన సాహిత్యములో ఎంత భాగము పేర్ల పట్టికగా మిగిలియుండెడిదో ఊహించుటకే మనసొప్పదు.

రక్షణ కొఱకు ప్రతి తీయుటయను ఈ ధర్మము ఈ సీమలో మఱియొక మహత్తర రూపమున కూడ జరిగినది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేయునాటికే, ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి యున్న లోయ యంతయు నీట మునుగునని తేలిపోయెను. అందుచేత 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున పురావస్తు శాఖవారు ఆ లోయను త్రవ్వి, కొలిచి, చిత్రించి, ముఖ్యమైన కట్టడములలో కొన్నింటిని ఊడదీసి ముంపునకు అందని కొండపైకి చేర్చి మరల నిలిపిరి. మఱికొన్నింటిని ఏటి యొడ్డున అనుపు వద్ద పునర్నిర్మించిరి. అనుపులో అట్లు తిరిగి నిలిపిన రంగస్థలపు మెట్లపై నేటికిని జనులు కూర్చొని మాటలాడుకొనవచ్చును. ప్రదర్శనశాలలో చూచుటకు మాత్రమే యుంచు చిన్న నమూనాకును, కూర్చొనుటకు వీలైన ఈ మెట్లకును గల భేదమే నేను చెప్పదలచిన విషయమునకు ప్రాణము: మూలము పోయిననాడు మూలము చేసెడి పనిని తాను చేయగలిగినదే ప్రతి యనిపించుకొనును.

1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ ఆ సాగరపు కాలువలకు నీరు విడిచిన పిమ్మట, ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలో వరి పండినది. వరి వెంట రైసు మిల్లులు వచ్చినవి. మిల్లుల వెంట బిల్లు పుస్తకములు, తూకపు చీటీలు, లారీ రసీదులు వచ్చినవి. వానిని అచ్చువేయుటకు ట్రెడిల్ యంత్రముల అచ్చుకూటములకు చేతినిండ పని దొరికినది. పెండ్లి శుభలేఖలు, ఎన్నికల కరపత్రములు సరేసరి. ఆనాటి కంపోజిటరు పనిని దగ్గరనుండి చూచినవారికి తెలియును: తెలుగు టైపు పెట్టెయగు కేసులో అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు వేర్వేరు గదులలో నుండెడివి; ఎడమచేత స్టిక్కు పట్టుకొని, కుడిచేత సీసపు అక్షరముల నొక్కొక్కటిగా ఏరి, తలక్రిందులుగా పేర్చి, స్టిక్కు నిండగనే గ్యాలీలోనికి దింపెడివాడు. అచ్చు ముగిసిన మఱునాడు ఆ సీసపు కూర్పును, అనగా మేటరును, విప్పి, అక్షరములను తిరిగి ఏ గదివి ఆ గదిలో వేయవలసినదే, లేనిచో తరువాతి పనికి టైపు చాలదు. కావున ఆ విద్యలో ముద్రితమైన కాగితమే గాని పనికి ప్రతి లేదు. నెలనెలకు మరల కావలసిన మిల్లు బిల్లు మేటరును మాత్రము దారముతో చుట్టి, విప్పకుండ బల్లక్రింద దాచెడివారు. ఈ జిల్లాలలో యంత్రముపై నిజమైన రెండవ ప్రతిని దాచిన తొలి అలవాటు ఇదియే యని నా అభిప్రాయము.

తరువాత కంప్యూటరు తెరపైననే పుటలను కూర్చు డీటీపీ వచ్చినది. 1985లో ఆల్డస్ సంస్థ వెలువరించిన పేజ్‌మేకర్, 1994లో అడోబీ చేతికి చేరి, మన పట్టణములలో దశాబ్దముల తరబడి రాజ్యమేలినది. దానితో జతగూడి అనుగ్రాఫిక్స్ వారి అను ఫాంట్లు తెలుగు నాట శుభలేఖ మొదలు పుస్తకము వరకు పరచుకొన్నవి. ఆ ఫాంట్ల మర్మమును కొంచెము నిదానముగ చెప్పవలెను. ప్రతి యక్షరమునకును ఒక సంఖ్య నిచ్చు అంతర్జాతీయ యూనికోడ్ పట్టికలో తెలుగునకు 1991లోనే స్థానము దొరికినను, పేజ్‌మేకర్ దాని నెరుగదు. అది ఎరిగినది ఇంగ్లీషు అక్షరములకై ఏర్పరచిన 256 సంఖ్యలను మాత్రమే. కావున ఆ సంఖ్యల స్థానములందే ఒకదానియందు తలకట్టును, వేరొకదానియందు గుడిని, మఱియొకదానియందు వత్తును కూర్చి, ముక్కలు ముక్కలుగా అక్షరమును తెరపై నిలిపిరి. అది మేధావులు చేసిన ఉపాయమే, దానికి మనము ఋణపడియున్నాము. అయినను దాని ఫలితముగా, ఆ ఫైలును ఆ ఫాంటు లేని యంత్రముపై తెరచినచో, పెండ్లికుమార్తె పేరుండవలసినచోట అర్థములేని రోమను గుర్తుల గుంపు ప్రత్యక్షమగును. ఫాంటు ఉన్నను కీబోర్డు ప్రోగ్రాము లేనిచో దిద్దుటకు వీలులేదు. ప్రోగ్రాము ఉన్నను అది పాత విండోస్ ఎక్స్‌పీపై తప్ప సరిగా నడువకపోవచ్చును. కొన్ని లిపి ప్యాకేజీలకైతే యంత్రము వెనుక డాంగిల్ అను తాళపు పరికరము కూడ గ్రుచ్చియుండవలెను.

ఇందువలననే మన డీటీపీ సెంటర్లలో, ఫైళ్లను సీడీలోనికో పెన్‌డ్రైవులోనికో కాపీ చేసి బ్యాకప్ తీసితిమని నిశ్చింతగ నున్నవారు, హార్డ్‌డిస్కు పోయిననాడు హతాశులైరి. ఫైళ్లు చేతిలోనే యుండును, వానిని చదువగల యంత్రము మాత్రము ఉండదు. క్రొత్త కంప్యూటరు కొని, విండోస్ వేయించి, ఫాంట్లు వెదకి, పాత పేజ్‌మేకర్‌ను సంపాదించి, ప్రింటరు డ్రైవరు కొఱకు తిరిగి, ముహూర్తములు దాటిపోయిన తరువాత గాని పనికి కూర్చొనలేని స్థితి కలుగుచుండెను. వారికి కావలసినది యంత్రము యంత్రముగా లేచి నిలువగల ప్రతి, అనగా బూటబుల్ బ్యాకప్.

ఈ భేదమునకు కారణము డిస్కు నిర్మాణములోనే యున్నది. పాతతరపు డిస్కు మొట్టమొదటి సెక్టారులో, 512 బైట్ల పరిమితిలో, కంప్యూటరును మేల్కొల్పు చిన్న ప్రోగ్రామును, డిస్కు ఏ భాగము ఎచ్చట మొదలగునో తెలుపు పట్టికయు ఇమిడియుండును. ఫోల్డరులను ఎన్ని మారులు కాపీ చేసినను ఈ సెక్టారు వెంట రాదు. 1995 ప్రాంతమున న్యూజిలాండులో పుట్టి 1998లో సిమాంటెక్ చేతికి వచ్చిన ఘోస్ట్ అను సాఫ్ట్‌వేరు, డిస్కును ఆద్యంతము ఉన్నదున్నట్లు ప్రతిబింబించుటను సామాన్య మెకానిక్కునకు సైతము అందుబాటులోనికి తెచ్చినది. తైవాను దేశపు పరిశోధకులు ఉచితముగ నిచ్చిన క్లోన్‌జిల్లా నేడు ఆ పనినే చేయుచున్నది.

అయితే అట్లు తీసిన ఎక్స్‌పీ డిస్కు ప్రతిని, అనగా క్లోనును, యూఎస్‌బీ డ్రైవునుండి లేపబోయినచో నీలి తెర చూపి ఆగిపోవును. దానిని యంత్రము లోపల బిగించిననే మేల్కొనును. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో రక్షణ నిలిపివేసినందున, అట్టి క్లోనును ఇంటర్నెట్టునకు తగిలింపకుండుట మేలు. లైనక్సు మాత్రము బయటి డ్రైవునుండి సునాయాసముగ లేచును. మైక్రోసాఫ్ట్ వారు 2012లో విండోస్ టు గో అను పేర ఇచ్చిన, బయటి డ్రైవునుండి విండోసును లేపు సదుపాయమును 2020లో తొలగించిరి. ఆపిల్ లాప్‌టాపులలోనును 2020 తరువాత సిస్టం భాగమునకు ముద్ర వేయుటచే ఈ పని కష్టతరమైనది.

2024 ఆగస్టు తుదిని, సెప్టెంబరు ఒకటవ తేదీన కురిసిన కుండపోత వర్షములకు కోదాడ పట్టణములో కాలనీలు జలమయములైనవి. నడిగూడెం మండలము రామచంద్రాపురము వద్ద సాగరు ఎడమ కాలువకు గండి పడినది. ఏ నీరు ఈ సీమకు మిల్లులను, మిల్లుల ద్వారా అచ్చుకూటములను ఇచ్చినదో, ఆ నీరే ఆనాడు గట్టు తెంచుకొని వచ్చెను. నేలకు జానెడెత్తున బల్లక్రింద సీపీయూ ఉంచు అలవాటు గల మన దుకాణములలో ఇట్టి ప్రళయము డిస్కులకు ఏమి చేయునో వేరుగ చెప్పనక్కరలేదు. విజయపురి కైతే వరద రాక పూర్వము ఆరేండ్ల వ్యవధి దొరికినది. మన కంప్యూటర్లకు ఒక రాత్రియైనను దొరకదు.

కావున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోని డీటీపీ యజమానులకును, లాప్‌టాపు సంచితో ఊరూర తిరిగి డిజైను చేయు యువకులకును నా మనవి ఇది. మీ డిస్కుతో సమానమైన లేక అంతకు మించిన ఎక్స్‌టర్నల్ డ్రైవు నొకటి కొనుడు. క్లోన్‌జిల్లాను పెన్‌డ్రైవులో వేసి, దానితో యంత్రమును లేపి, డిస్కునుండి డిస్కునకు క్లోను తీయుడు. సోర్సు ఏదో టార్గెట్ ఏదో ముమ్మారు సరిచూడక ఎంటరు నొక్కవలదు, తారుమారైనచో ఉన్నదే తుడుచుకొనిపోవును. తీసిన క్లోనునుండి యంత్రమును ఒకమారు లేపి, పేజ్‌మేకర్ తెరచి, ఒక పాత శుభలేఖను ప్రింటు తీసి చూడుడు; బయటినుండి లేవనిచో లోపల అమర్చి చూడుడు. అక్షరములు సరిగ వచ్చినగాని ఆ క్లోనును నమ్మవలదు. పిదప డ్రైవును ఊడదీసి, దుకాణములో గాక, మెరకనున్న వేరొక ఇంట అటకపై నుంచుడు. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళము వేసి సొమ్మడుగు వన్నాక్రై వైరసు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలో కొన్నింటిని సైతము బంధించినది, తగిలించియుంచిన డ్రైవును అట్టి వైరసు విడిచిపెట్టదు. తీరిక దొరికిన దినములలో పాత మేటరును యూనికోడ్‌లోనికి మార్చుట మొదలుపెట్టుడు. ముందుగా ఊరి చరిత్రలు, స్థలపురాణములు, స్థానిక కవుల పుస్తకములు మీ డిస్కులో ఉన్నచో వానిని మార్చుడు. వానికి వేరొకచోట ప్రతి ఉండకపోవచ్చును.