క్యాంపర్‌వ్యాన్ తయారు చేసుకుంటున్నారా? ముందు సీట్ల లెక్క తేల్చుకోండి

గిరావీన్‌లో మా ఇంటి ముందుకు పాత హైయేస్ వ్యాన్ రాగానే నేను టేపు పట్టుకుని వంటగట్టు కొలతలు తీయడం మొదలుపెట్టాను. "ముందు పిల్లలు ఎక్కడ కూర్చుంటారో చెప్పండి" అంది మా ఆవిడ. ప్లాన్ మొదలవ్వాల్సింది అక్కడే.

సీట్లు: సామాన్ల వ్యాన్‌లో సాధారణంగా ముందున్న రెండు మూడు సీట్లే ఉంటాయి. బండి నడుస్తుంటే మంచం మీద కూర్చోకూడదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఏడేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటో, బూస్టరో తప్పనిసరి. కొత్తగా సీట్లు, బెల్టులు బిగిస్తే వీఎస్‌సీసీఎస్ పథకంలో లైసెన్స్ ఉన్న ఇంజినీరు సర్టిఫికెట్ కావాలి. పని మొదలుపెట్టక ముందే ఆయనకు ప్లాన్ చూపించండి.

బరువు: మనుషులు, సామాన్లతో కలిపి బండి దాటకూడని బరువే జీవీఎం. 80 లీటర్ల నీళ్లంటే 80 కిలోలు. మంచం, అల్మరా, బ్యాటరీ అన్నీ అందులోకే వస్తాయి. పని సగంలో ఉన్నప్పుడే ఒకసారి తూకం వేయించండి.

కరెంటు: 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1.2 యూనిట్లు. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ అరగంట పూర్తిగా మండితే ఒక యూనిట్ ఖర్చు. అన్నం, పప్పు అయ్యేసరికి ఫ్రిజ్‌కి మిగిలేది కొంచెమే.

గ్యాస్: బిగించే పని లైసెన్స్ ఉన్న గ్యాస్‌ఫిట్టర్‌దే. 240 వోల్టుల వైరింగ్ ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. పోపు మాత్రం బయట పెట్టుకోండి. ఆ ఘాటు పరుపులను వదలదు.

చివరికి నేను వంటగట్టు సగానికి తగ్గించి, వెనక వరుస సీట్లకు చోటిచ్చాను. మా మొదటి ప్రయాణం మన ఊరి పేరే ఉన్న క్వీన్స్‌లాండ్‌లోని గిరావీన్ నేషనల్ పార్క్‌కే.