హుద్‌హుద్ నాటి పొడుగు నోటుబుక్కు

సంఘం చరిత్రలో ఏదో ఒక ఘట్టం రాయమని సావనీరు కమిటీ వారు అడిగితే, బీరువాలోని మినిట్స్ పుస్తకాలన్నీ ముందేసుకు కూర్చున్నాను. వార్షికోత్సవాలు, గురువులకు సన్మానాలు, సైన్సు ల్యాబుకు బల్లలు, ప్రహరీగోడకు చందాలు, అన్నీ వివరంగా ఉన్నాయి. 2014 అక్టోబరు దగ్గర మాత్రం ఒక్కటే వాక్యం కనిపించింది: తుపాను కారణంగా ఈ నెల సమావేశం జరగలేదు అని. నిజమే, జరగలేదు. కానీ నాకు తెలిసి మన సంఘం ఒళ్లు వంచి పనిచేసిన నెల అదే. అందులో ఒక పొరపాటూ జరిగింది. అది నాది కనుక నేనే రాయడం న్యాయం.

తుపాన్లు మన బడికి కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి మన సంఘం వయసు రెండేళ్లు. నేను నాలుగో తరగతి. సముద్రం ఊళ్లమీదికి వచ్చి వేలమందిని తీసుకుపోయిందని మాస్టారు చెబుతుంటే, మన సముద్రమేనా అని అడిగాను. అదేరా, ఒకటే సముద్రం అన్నారాయన. ఇంటికో సోలెడు బియ్యం, పాత బట్టలు పట్టుకెళ్లి వరండాలో పోశాం. అప్పట్లో తుపాన్లకు పేర్లుండేవి కావు. మన హిందూ మహాసముద్రం వైపు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. ఆ ఉప్పెన తరవాతే కోస్తాలో తుపాను షెల్టర్లు విరివిగా కట్టారు, హెచ్చరిక అంటే జనం లేచి కదలడం నేర్చుకున్నారు. 2014లో మన రాష్ట్రంలో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగిందంటే ఆ పాఠం వల్లనే.

అయినా విశాఖ వాళ్లకు ఒక ధీమా ఉండేది. డాల్ఫిన్ నోస్ అడ్డుంది, చుట్టూ కొండలున్నాయి, మనకేమీ కాదని. అంతకు ముందు ఏడాది సరిగ్గా అదే అక్టోబరు 12న ఫైలిన్ కూడా మనల్ని వదిలేసి గోపాల్‌పూర్ వైపు పోయింది. హుద్‌హుద్ అన్నది ఒమన్ ఇచ్చిన పేరు, తలమీద కుచ్చు విసనకర్రలా విప్పుకునే పిట్ట పేరు. పిట్ట పేరే కదా అని ఆఫీసులో నవ్వుకున్నాం కూడా.

ఆదివారం తెల్లవారేసరికి కరెంటు లేదు. గాలి గంటకు 180 కిలోమీటర్లు అన్నది తరవాత పేపర్లో చదివిన అంకె. ఆ వేళ మాకు తెలిసింది మాత్రం చప్పుడే. ఎదురింటి మేడమీద సింటెక్స్ ట్యాంకు లేచి వీధిలో దొర్లుకుంటూ పోయింది. కిటికీ అద్దాలు పగిలితే మంచం నిలబెట్టి అడ్డం పెట్టి, నేనూ మా ఆవిడా దానికి వీపులానించి కూర్చున్నాం. మధ్యాహ్నం వేళ గాలి ఉన్నట్టుండి తగ్గింది. వీధిలో జనం బయటికొచ్చారు. అది తుపాను కన్ను, ఇంకా సగం మిగిలుంది, లోపలికి పొండి అని నేను అరిచాను. కన్ను దాటగానే గాలి దిక్కు మార్చుకుని సముద్రం వైపు నుంచి మళ్లీ కొట్టింది. పొద్దున్న వంగిన చెట్లు కొన్ని ఆ రెండో దెబ్బకు పడ్డాయి. మా గేటు ముందరి వేపచెట్టు అందులో ఒకటి.

మర్నాడు కొండలు చూసి మా అమ్మ ఎవరో తగలబెట్టారా అంది. ఆకు లేదు. ఉన్న ఆకు ఉప్పుగాలికి మాడి గోధుమరంగుకు తిరిగింది.

నేను టెలిఫోను రంగంలో ఇంజనీరుని. ఊళ్లో ఫోన్లు ఎందుకు మూగబోయాయని ఆ వారం అందరూ నన్నే అడిగారు, కొందరు నిలదీశారు కూడా. సెల్ టవరుకు కరెంటు పోతే కొన్ని గంటలు బ్యాటరీ ఆదుకుంటుంది, ఆ తరవాత డీజిల్ జనరేటరు. డీజిల్ పోయాలంటే వాహనం రావాలి, రోడ్డు నిండా చెట్లు. స్తంభాలతో పాటు వాటిమీది కేబుళ్లు తెగాయి. ఒక టవరును ఇంకో టవరుకు కలిపే డిష్ కాస్త పక్కకు తిరిగితే చాలు, టవరు నిలబడే ఉంటుంది కానీ పలకదు. ఇదంతా చెప్పగలను. మా పెదనాన్నగారు బతికున్నారో లేదో మాత్రం చెప్పలేని పరిస్థితి నాది. ఫోన్లు బాగుచేసే మనిషిని, కబురు కోసం సైకిలెక్కాను.

రెండోరోజు సాయంత్రం మా ఆఫీసు డాబామీద ఒక మూల కాసేపు సిగ్నల్ అందింది. మాట వెళ్లదు, ఎస్సెమ్మెస్ వెళుతుంది. చిన్న సరుకు కనుక దారి దొరికేదాకా ఆగి వెళ్లగలదు. హైదరాబాదులో ఉన్న మన 84 బ్యాచ్ మిత్రుడి నుంచి వరసగా మెసేజ్‌లు దిగాయి. అమెరికా నుంచి, బెంగళూరు నుంచి మనవాళ్లు అతనికి ఫోన్లు చేస్తున్నారట. మా అమ్మ ఒక్కతే ఉంది, మా మామగారికి డయాలసిస్, మా నాన్నకి ఫోను ఎత్తడమే రాదు, చూసి చెప్పండి అని. ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో సంఘం సభ్యుల రిజిస్టరు తీసి, విశాఖ చిరునామాలున్న పేర్లన్నీ ఒక పొడుగు నోటుబుక్కులోకి ఎక్కించాను. అరవై మూడు వచ్చాయి. పేటల వారీగా విడగొట్టి, దొరికిన ఐదుగురం పంచుకున్నాం. పగలు డ్యూటీ, పొద్దున్నా సాయంత్రమూ ఈ పని.

ఎలాంటి పనో ఒకటి రెండు చెబుతాను. సీతమ్మధారలో మన హిందీ మేడమ్ గారు మూడో అంతస్తులో ఉన్నారు. లిఫ్టు లేదు, నీళ్లు లేవు. నన్ను చూడగానే బిస్కెట్లు పెట్టి, ఎనిమిదో తరగతిలో నేను ఎగ్గొట్టిన హోంవర్కు గుర్తు చేశారు. కింది నుంచి నాలుగు బిందెలు మోసి ఆ బాకీ తీర్చుకున్నాను. అక్కయ్యపాలెంలో ఒక మిత్రుడి తండ్రికి ఇన్సులిన్ ఐపోవచ్చింది, ఉన్నది పెట్టుకోవడానికి ఫ్రిజ్ లేదు. కొత్తకుండలో తడిగుడ్డ చుట్టి పెట్టే ఉపాయం పక్కింటావిడ చెప్పింది. పెట్రోలు బంకుల దగ్గర క్యూ చూస్తే సైకిలే నయమనిపించింది. పాల ప్యాకెట్టు, కొవ్వొత్తి, నీళ్ల క్యాను, అన్నిటి ధరలూ గాలితో పాటే లేచాయి. సాయంత్రం డాబా ఎక్కి మెసేజ్‌లు పెట్టేవాణ్ణి: నాన్నగారు క్షేమం, ట్యాంకు పోయింది. అమ్మ బాగుంది, నిన్ను తిండి సరిగా తినమంది.

తొమ్మిదో రోజుకు అరవై మూడు పేర్లకూ టిక్కు పడింది. ఒకాయన చెయ్యి విరగడం తప్ప అందరూ క్షేమం. ఇంటికొచ్చి, అందరూ దొరికారమ్మా అన్నాను, కొంచెం గొప్పగానే.

"మరి వేపచెట్టు కొట్టిన అబ్బాయి ఇల్లేమైందో చూశావా?" అంది అమ్మ.

ఏ అబ్బాయని అడిగాను. పదమూడో తేదీ పొద్దున్న నేను గోడ దూకి డ్యూటీకి పోయాక, ఇద్దరు మనుషులు గొడ్డళ్లు తెచ్చి చెట్టు కొట్టి దారి చేశారట. అమ్మ ఎలా ఉందో కనుక్కుని, ఓ బిందె నీళ్లు తెచ్చి పెట్టి వెళ్లారట. ఆ రాత్రే నాకు చెప్పిందట. మున్సిపాలిటీ వాళ్లయి ఉంటారులే అని నేను నిద్రపోయానట.

"నీ పక్కన కూర్చునేవాణ్ణని చెప్పాడురా. జాలరిపేట."

ఎనిమిదో తరగతి దాకా మూడేళ్లు ఒకే బెంచీ. వాళ్ల నాన్న పోయాక 1982లో బడి మానేసి వేటకు వెళ్లాడు. చినవాల్తేరులో మా ఇంటికి పెదజాలరిపేట నడిచి వెళ్లేంత దూరం. నేను సైకిలు మీద గోపాలపట్నం దాకా వెళ్లాను, అక్కడికి వెళ్లలేదు. సముద్రానికి అందరికంటే దగ్గరగా ఉన్నవాడు వాడే. రిజిస్టరులో లేడు కనుక నా బుర్రలోనూ లేడు.

ఆ సాయంత్రమే వెళ్లాను. ఇంటి పైకప్పు సగం లేదు, టార్పాలిన్ కట్టుకున్నారు. ఇంజిను ముందే విప్పి ఇంట్లో మంచం కింద పెట్టుకున్నాడు, బోటు మాత్రం ముక్కలైంది. పిల్లలు బాగున్నారు. ఏటిరా ఇప్పుడొచ్చావు అనలేదు, టీ తెప్పించాడు. నా చంకలో నోటుబుక్కు చూసి ఏటది అన్నాడు. చెప్పాను.

"నా పేరుందేటి?"

వెతుకుతున్నట్టు రెండు పేజీలు తిప్పాను. తరవాత మానేసి, లేదురా అన్నాను. వాడు నవ్వి, "పదో తరగతి పాసవలేదు కదా, ఎలాగుంటాది" అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి అరవై నాలుగో నంబరు వేసి వాడి పేరు రాశాను. టిక్కు పెట్టబోతుంటే, బోటు వచ్చాక పెట్టు అన్నాడు. ఆ ఏడు దీపావళికి టపాసులు కాల్చవద్దని అధికారులు కోరారు, ఊరంతా ఎండుటాకుల గుట్టలు కనుక. మనవాళ్లు టపాసుల డబ్బులన్నీ నాకు ఇస్తే, బోటుకు మా వంతు వేశాం. మిగతాది వాడే అప్పు చేశాడు. టిక్కు ఫిబ్రవరిలో పెట్టాను.

తరవాతి సంగతి మినిట్స్‌లో ఉంది కానీ క్లుప్తంగా ఉంది. డిసెంబరు సమావేశంలో, బడి మధ్యలో మానేసినవాళ్ల పేర్లు కూడా రిజిస్టరులో చేర్చాలని నేను తీర్మానం పెట్టాను. పదో తరగతి పాసై, జీవిత సభ్యత్వ రుసుము కట్టినవారే సభ్యులన్నది నిబంధన. దాన్ని మార్చడమేమిటని పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారు. వాళ్ల వాదనలో అర్థం లేకపోలేదు. ఓటుహక్కు, లెక్కలు, ఆడిట్ అన్నీ ఉంటాయి. రెండు సమావేశాలు నడిచింది, గొంతులు కూడా లేచాయి, నాది ముందుగా. చివరికి రిజిస్టరు వెనక పేజీల్లో సహాధ్యాయులు అనే విడి భాగం తెరిచారు. రుసుము లేదు, ఓటు లేదు, పేరూ వీధీ ఉంటాయి. నాకది పూర్తిగా నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అయినా ఏమీ లేనిదానికంటే నయం.

విశాఖలో తరవాత కరెంటు తీగలు చాలాచోట్ల భూమిలోకి దిగాయి, ప్రపంచబ్యాంకు అప్పుతో. ఈసారి గాలొస్తే దీపాలు త్వరగా వెలగవచ్చు. మన వెనక పేజీల పని మాత్రం నత్తనడక. బడి అడ్మిషన్ రిజిస్టర్లు చూసి 117 పేర్లు ఎక్కించాం. చాలామందికి వీధి తెలియదు, కొందరి ఇంటిపేరు చెదలు తినేసింది.

స్వర్ణోత్సవం రోజున గేటు దగ్గర రిజిస్ట్రేషన్ బల్లమీద ఆ పొడుగు నోటుబుక్కు ఉంటుంది, పక్కన పెన్నుంటుంది. మీ బెంచీలో కూర్చుని మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఎవరైనా గుర్తొస్తే, పేరూ, తెలిస్తే పేటా రాసి వెళ్లండి. 64వ నంబరు వాడు కూడా ఆ రోజు వస్తానన్నాడు, వేట లేకపోతే.