సాలార్‌జంగ్ సంస్కరణలు, బేరార్ నీడ

సికింద్రాబాద్, బొల్లారం కంటోన్మెంట్లు పక్కపక్కనే ఉన్నా, వాటిలో ఉండేవి రెండు వేర్వేరు సైన్యాలు. సికింద్రాబాద్‌లోది ఈస్టిండియా కంపెనీ సైన్యం. దాని ఖర్చు కింద నిజాం 1800లోనే దత్తమండలాలను కంపెనీకి రాసిచ్చేశాడు. బొల్లారం కేంద్రంగా ఉన్నది హైదరాబాద్ కంటింజెంట్. కంపెనీ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ కాలంలో పెంచిన ఈ దళానికి అధికారులు ఇంగ్లీషువారు, జీతాలు మాత్రం నిజాం ఖజానావి. ఆ జీతాల బకాయిలే సంస్థానాన్ని అప్పుల్లో ముంచాయి.

బాకీ కింద 1853 మేలో కంపెనీ బేరార్, రాయచూర్, ధారాశివ్ ప్రాంతాలను తన చేతిలోకి తీసుకుంది. ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ చనిపోయాడు. ఆయన సోదరుడి కొడుకు మీర్ తురాబ్ అలీఖాన్, అంటే మొదటి సాలార్‌జంగ్, 24 ఏళ్లకే ఆ పదవిలో కూర్చున్నాడు. పత్తి పండే బేరార్ నల్లరేగడి నేల పోయింది, ఖజానాలో డబ్బు లేదు.

అప్పట్లో పన్ను వసూలు ఇజారాకు ఇచ్చేవారు. ఎక్కువ పాట పాడినవాడిదే ఆ ప్రాంతం. కట్టిన సొమ్ముకు రెండింతలు రైతు దగ్గర పిండుకునేవాడు. అరబ్బు జమేదార్లకు, సాహుకార్లకు తాకట్టు పడిన తాలూకాలూ ఉండేవి. సాలార్‌జంగ్ వాటిని ఒక్కొక్కటిగా విడిపించాడు. 1865లో సంస్థానాన్ని జిల్లాలుగా విభజించే జిల్లాబందీ తెచ్చి, ఇజారాదారు స్థానంలో నెలజీతం తీసుకునే తాలూక్‌దార్లను, తహసీల్దార్లను నియమించాడు. దారుల్ ఉలూమ్ విద్యాలయం ఆయన హయాంలోనే మొదలైంది. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు సికింద్రాబాద్ చేరింది.

ఇంత చేస్తున్నా ఆయన మనసు బేరార్ మీదే ఉంది. 1857 తిరుగుబాటులో ఆంగ్లేయుల పక్షాన నిలిచినందుకు 1860 ఒప్పందంలో రాయచూర్, ధారాశివ్ తిరిగొచ్చాయి, 50 లక్షల బాకీ రద్దయింది. బేరార్ రాలేదు. 1872లో, కంటింజెంట్ జీతాలకు సరిపడా మూలధనం డిపాజిట్ చేస్తాం, బేరార్ ఇచ్చేయండని అడిగితే ఆంగ్లేయులు కాదన్నారు. 1876లో ఇంగ్లండు వెళ్లి అడిగినా ఫలితం లేదు. 1883లో కలరాతో ఆయన కన్నుమూశాడు. 1902లో నిజాం ఏడాదికి 25 లక్షల చొప్పున బేరార్‌ను ఆంగ్లేయులకు శాశ్వత కౌలుకు ఇచ్చేశాడు.

సంస్కరణలను వారసత్వ భారం కప్పేసిన ఇలాంటి కథే అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌దీ. 1965లో వృద్ధులకు వైద్యబీమా తెచ్చినా, ఆయన పేరెత్తితే ముందు గుర్తొచ్చేది వారసత్వంగా వచ్చిన వియత్నాం యుద్ధమే. అయితే ఆ యుద్ధాన్ని పెంచింది జాన్సనే. సాలార్‌జంగ్‌కు తన మీద పడిన సైన్యాన్ని పెంచే అధికారమూ లేదు, తగ్గించే అధికారమూ లేదు.

ఇవాళ సాలార్‌జంగ్ అంటే జనానికి మ్యూజియమే తెలుసు. ఆ కళాఖండాల్లో ఎక్కువ భాగం సేకరించింది మనవడు మూడవ సాలార్‌జంగ్. తాతను బేరార్ దక్కించుకోలేని దివాన్‌గా కొలవడం అన్యాయం. బేరార్ మీద తీర్పు లండన్ చేతిలో ఉండేది. ఆయన చేతిలో ఉన్నంతలో పాటదారు నుంచి రైతును తప్పించి, పన్నును జీతగాడైన అధికారికి, లెక్కల పుస్తకానికి అప్పగించాడు. తెలంగాణ పాలనా చరిత్రలో ఆయనకు దక్కాల్సిన చోటు అక్కడుంది.