నల్లకుంట నేర్పిన పాఠం

మన తండాలు, గూడేల నుంచి వచ్చిన పిల్లలు ఎంతోమంది కోచింగ్ కోసం అశోక్‌నగర్, చిక్కడపల్లి, నల్లకుంట సందుల్లో గదులు తీసుకుని ఉంటున్నారు. పొద్దున లేస్తే సిటీ సెంట్రల్ లైబ్రరీకి పరుగు. మీరు రోజూ నడిచే ఆ దారులకు ఒక చరిత్ర ఉంది. పరీక్షలో అడిగినా అడగకపోయినా దాన్ని మీరు తెలుసుకోవాలి.

1978 మార్చి నెలాఖరులో ఒక పేద ముస్లిం స్త్రీని రాత్రిపూట నల్లకుంట పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి అత్యాచారం చేశారు. నిలదీసిన ఆమె భర్త, రిక్షా కార్మికుడు, దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కేసు రాయచూరు కోర్టుకు మారి, 1981లో నిందితులు విడుదలయ్యారు. విచారణ పొడుగునా ఆమె నడవడికనే తప్పుబట్టారు.

అంతకు ఆరేళ్ల ముందు, 1972లో, మన పొరుగునున్న మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయికీ ఇదే జరిగింది. ఒంటిమీద గాయాలు లేవు కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టేనని 1978లో సుప్రీంకోర్టు నిందితులను వదిలేసింది. దాన్ని ప్రశ్నిస్తూ 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. దేశమంతా మహిళలు కదిలారు. 1983లో చట్టం మారింది. పోలీసుల నిర్బంధంలో అత్యాచారం జరిగినప్పుడు, తాను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే కోర్టు ఆ మాటనే ముందు నమ్మాలి. బాధితుల పేరు బయటపెట్టకూడదని చెప్పిందీ ఆ చట్టమే. అందుకే మేమూ ఇక్కడ ఆ పేర్లు రాయడం లేదు.

కోపం ఊరేగింపులతోనే ఆగిపోలేదు. హైదరాబాద్‌లో 1978లోనే స్త్రీశక్తి సంఘటన పుట్టింది. 1993లో భూమిక పత్రిక మొదలైంది. 2006లో అదే సంస్థ బాధిత స్త్రీల కోసం హెల్ప్‌లైన్ పెట్టింది. అదే ఏడాది అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం రక్షణ అధికారినీ, ఆశ్రయాన్నీ, కౌన్సెలింగ్‌నూ ఇచ్చింది. 2014లో వచ్చిన షీ టీమ్స్ అమ్మాయిలను వేధిస్తూ దొరికిన కుర్రాళ్లను తల్లిదండ్రులతో సహా కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇప్పిస్తున్నాయి. 2016లో భరోసా కేంద్రం వైద్యం, న్యాయ సలహా, ఓదార్పు ఒకే చోట అందించింది. ఒకప్పుడు స్టేషన్ గడప తొక్కడానికే భయపడిన నగరంలో, వినే మనిషి కోసం ఇంత పోరాటం జరిగింది.

కూర్చుని మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు. తండాలో నాయక్, కార్భారి, గోండు గూడేల్లో పట్లా, రాయ్ సెంటర్‌లో సార్‌మేడి, వీళ్లంతా కత్తుల దాకా వెళ్లే తగాదాలను మాటతో ఆపినవాళ్లే. అది మన బలం. అయితే ఆ కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లు ఎందరు? తప్పు కట్టించి చేతులు దులుపుకున్నాక, ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరడిగారు? కౌన్సెలింగ్ అంటే రాజీ కాదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. దాన్ని పంచాయితీలో తెంపే హక్కు పెద్దమనుషులకూ లేదు, వార్డెన్లమైన మాకూ లేదు.

సెలవులకు వెళ్లొచ్చిన పిల్ల అన్నం ముందు ఊరికే కూర్చుంటే, ఒకప్పుడు మేము "ఏం చేశావ్?" అని గద్దించేవాళ్లం. ఇప్పుడు "ఏం జరిగింది, బిడ్డా?" అని అడుగుతున్నాం. అలా అడగడం నేర్చుకోవడానికి మాకే చాలా ఏళ్లు పట్టింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ గదిలో, మీ తండాలో ఎవరైనా నోరు విప్పితే ముందు నమ్మండి. ఒంటరిగా వెనక్కి పంపకండి. చేయెత్తే స్నేహితుణ్ణి ఆపండి, కౌన్సెలింగ్‌కు మీరే తోడు వెళ్లండి. 181 మహిళలకు, 1098 పిల్లలకు, 112 ఆపదలో ఎవరికైనా. ఈ మూడు నంబర్లూ ఊళ్లో అందరికీ నోటికి వచ్చేలా చేయండి.