పెద్దల పటాలు వెలిసిపోకుండా ఉండాలంటే... ఫోటో కాగితం ఎంపిక

కుప్పం, పలమనేరు, చిత్తూరు ప్రాంతాల నుండి బెంగళూరుకు బతుకుతెరువుకై వెళ్ళిన మనవారికి మడివాళ సుపరిచితం. పండుగకు ఊరికి వచ్చేటప్పుడు అక్కడి స్టూడియోలో పెద్దల పాత ఫోటోను స్కాన్ చేయించి, పెద్దదిగా ముద్రింపజేసి, పటం కట్టించి తేవడం అనేక కుటుంబాల ఆనవాయితీ. అయితే కొన్ని పటాలు కొద్ది కాలానికే వెలిసి, తాతగారి ముఖం నారింజ ఛాయకు తిరుగుతుంది. ఇందుకు ఎండ ఒక్కటే కారణం కాదు. సిరా, కాగితం, గాలి కూడా కారణాలే.

సిరా: ఇంక్‌జెట్ సిరాలు ముఖ్యంగా రెండు రకాలు. డై సిరా నీటిలో పూర్తిగా కరిగిన రంగు. కాంతికి, గాలికి త్వరగా లొంగుతుంది. పిగ్మెంట్ సిరాలో రంగు సన్నని రేణువులుగా ఉంటుంది. ఎక్కువ కాలం నిలుస్తుంది.

కాగితం: వెంటనే ఆరే నిగనిగల కాగితాలపై సూక్ష్మరంధ్రాల పూత ఉంటుంది. ఆ రంధ్రాల గుండా గాలి కూడా చొరబడి డై రంగును తినివేస్తుంది. జెలటిన్ వంటి ఉబ్బే పూత గల కాగితం డై సిరాను తనలో పొదువుకొని కాపాడుతుంది. కానీ నెమ్మదిగా ఆరుతుంది, తడి తగిలితే చెడుతుంది.

2000లో ఎప్సన్ స్టైలస్ ఫోటో 870, 1270 ప్రింటర్ల ముద్రణలు కొందరి ఇళ్ళలో నారింజ రంగుకు మారడం ప్రపంచమంతటా చర్చనీయాంశమైంది. గాలిలోని ఓజోన్ వలన సయాన్ అనే నీలిరంగు క్షీణించడమే అందుకు కారణమని తేలింది. వాహనాల పొగలోని వాయువులపై ఎండ పడినప్పుడు ఓజోన్ పుడుతుంది.

స్టూడియోలో అడగవలసినవి:

1. సిరా డైయా, పిగ్మెంటా? చిరకాలం ఉంచదలచిన పటానికి పిగ్మెంటే మేలు.
2. కాగితం ఆ సిరాకు తగినదేనా? ఉబ్బే పూతపై పిగ్మెంట్ సరిగా కుదరదు.
3. రసాయనాలతో కడిగే రంగుల ఫోటో కాగితంపై వేయగలరా? అందులోని రంగులు జెలటిన్ పొరలో ఉండుటచేత ఓజోన్ బాధ తక్కువ.

ముద్రణ పూర్తిగా ఆరిన తరువాతనే అద్దం బిగించాలి. అద్దం ఫోటోకు అంటుకోకుండా నడుమ అట్ట చట్రం ఉంచాలి. ఎండ పడే గోడకు, దీపం పొగ తగిలే చోట తగిలించరాదు.

అన్నిటికన్నా ముఖ్యం: పాత అసలు ఫోటోను పారవేయకండి. స్కాన్ ప్రతిని రెండు చోట్ల భద్రపరచండి. పటం వెలిస్తే మరొకటి వేయించుకోవచ్చు; అసలు పోతే ఆ ముఖం మళ్ళీ రాదు.