శేషం వెండితెరపై

మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీరల అడుగున, సినిమా పాటల పుస్తకాలు ఒక కట్ట ఉండేవి. నాసిరకం కాగితం, పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేసిన ఎనిమిదీ పదీ పేజీల పుస్తకాలు. అట్ట మీద హీరో హీరోయిన్లు, లోపల నటీనటుల, సాంకేతిక నిపుణుల జాబితా, తర్వాత కథాసంగ్రహం, ఆ తర్వాత వరసగా పాటలు. అణాకో రెండణాలకో థియేటర్ల దగ్గర అమ్మేవాళ్ళు. కథాసంగ్రహం ఎప్పుడూ సగంలోనే ఆగిపోయేది. హీరోయిన్‌ని ఇంట్లోంచి గెంటేశారు, హీరో మీద దొంగతనం మోపారు, తప్పిపోయిన బిడ్డ ఎవరింట్లోనో పెరుగుతున్నాడు, సరిగ్గా అక్కడ రెండు మూడు ప్రశ్నలు వేసి, "శేషం వెండితెరపై చూడండి" అనేసేవాళ్ళు.

ట్రైలర్ గురించి చదివినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. ట్రైలర్ చేసే పని మొత్తం ఆ మూడు మాటల్లో ఉంది. కొంత ఇవ్వాలి, కొంత దాచాలి. ఎంత ఇచ్చి ఎంత దాచాలన్నదే ట్రైలర్ చరిత్ర. ఇచ్చినట్టు చూపించింది చివరికి ఇవ్వకపోతే ఏమవుతుందన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. ఆ సంగతి మన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడికి వద్దాం.

మొదలు 1913లో. ఆ ఏడాది మే 3న బొంబాయి కారొనేషన్ సినిమాటోగ్రాఫ్‌లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' విడుదలయింది. ఆ సినిమా కోసం ఆయన ఇచ్చిన ఒక ప్రకటన గురించి సినిమా చరిత్ర రాసేవాళ్ళు తరచూ చెప్తుంటారు: 57,000 ఫొటోలతో ప్రదర్శన, రెండు మైళ్ళ పొడవున్న చిత్రం, అంతా కలిపి మూడణాలే! గంటల తరబడి సాగే నాటకాలకి అలవాటుపడిన జనానికి ఈ కొత్త వస్తువు గిట్టుబాటవుతుందని చెప్పడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి అది. కథ ఊసు లేదు, అసలు హరిశ్చంద్రుడి కథ తెలియనిదెవరికి? అందుకే గజాల్లెక్కన గుడ్డ అమ్మినట్టు మైళ్ళ లెక్కన సినిమా అమ్మాడు.

అదే ఏడాది చివర్లో న్యూయార్క్‌లో, మార్కస్ లో థియేటర్ల ప్రచారం చూసే నిల్స్ గ్రాన్‌లండ్ ఒక చిన్న ఫిల్మ్ తయారుచేసి తమ హాళ్ళలో వేయించాడు. మొదటి ట్రైలర్ అని సాధారణంగా చెప్పేది దీన్నే. తమాషా ఏమిటంటే అది సినిమాకి చేసింది కాదు, 'ది ప్లెజర్ సీకర్స్' అనే రంగస్థల సంగీత నాటకానికి. నాటకం రిహార్సల్స్‌ని సినిమాగా తీసి, సినిమాకొచ్చినవాళ్ళకి నాటకం అమ్మాడన్నమాట.

ట్రైలర్ అంటే వెనకాల ఈడ్చుకొచ్చేది. సినిమా అయ్యాక చివర్లో తగిలించేవాళ్ళు కాబట్టి ఆ పేరు. కానీ సినిమా అయిపోతే జనం లేచి వెళ్ళిపోతారు కదా! దాంతో తోక కాస్తా ముందుకొచ్చింది, పేరు మాత్రం తోకగానే మిగిలింది. 1919లో న్యూయార్క్‌లోనే నేషనల్ స్క్రీన్ సర్వీస్ మొదలయింది. హాలీవుడ్ స్టూడియోల ట్రైలర్లు తయారుచేయడం, థియేటర్లకి పంపడం అనే వ్యాపారాన్ని కొన్ని దశాబ్దాలపాటు చాలావరకు ఆ ఒక్క కంపెనీయే ఏలింది. అందుకే ఆ కాలపు ట్రైలర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తెర మీదికి దూసుకొచ్చే పెద్ద అక్షరాలు, అద్భుతం, అపూర్వం, అనన్యం. మన గోడపోస్టర్ల భాషకి దగ్గర చుట్టాలే.

ఆ అచ్చుని పగలగొట్టిన వాళ్ళలో హిచ్‌కాక్ ఒకడు. 1960లో 'సైకో' కోసం ఆయన చేసిన ట్రైలర్ ఆరు నిమిషాల పైనే ఉంటుంది. అందులో సినిమా దృశ్యాలు లేవు. హిచ్‌కాకే వచ్చి, ఇల్లు అమ్మజూపే బ్రోకర్‌లా ఆ మోటెల్, ఆ ఇల్లు, ఆ మెట్లు తిప్పి చూపిస్తాడు. ఇక్కడ జరిగింది, ఇదిగో ఈ మెట్ల మీద, అని మొదలుపెట్టి, అబ్బే చెప్పలేను అన్నట్టు మాట మధ్యలో మింగేస్తాడు. చివరికి బాత్‌రూమ్‌లోకెళ్ళి కర్టెన్ లాగుతాడు. కేక! అంతే. మా అమ్మమ్మ పాటల పుస్తకం రాసినాయన చూసుంటే చెయ్యి కలిపేవాడు. ఇంకో చమత్కారం, ఆ కేక వేసిన అమ్మాయి సినిమాలో ఆ షవర్ కింద ఉండే జానెట్ లీ కాదు, విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్. అంటే ట్రైలర్‌లో చూపించిన ఒకే ఒక్క 'దృశ్యం' కూడా సినిమాలో లేదు. ఎవరూ మోసం అనలేదు. చూపించింది లేకపోయినా, ఇస్తానన్న భయం ఇచ్చాడు కాబట్టి.

మన దగ్గర అప్పట్లో పరిస్థితి వేరు. ప్రింట్లు కొద్దిగా ఉండేవి. సినిమా ముందు పెద్ద ఊళ్ళలో ఆడి, తర్వాత చిన్న ఊళ్ళకి, ఎన్నో నెలలకి టూరింగ్ టాకీసులకి చేరేది. ఒప్పించే పని మైకు కట్టిన జట్కాబండిదో రిక్షాదో. "నేడే చూడండి, నేడే చూడండి, మీ అభిమాన థియేటర్‌లో" అంటూ కరపత్రాలు విసిరేసుకుంటూ పోతే వెనకాల పిల్లల పరుగు. దాన్నీ అంతగా నమ్మేవాళ్ళు కాదు. పక్కూరి బావ చూసొచ్చి ఏమన్నాడన్నదే లెక్క. నోటిమాట నిదానంగా నడిచేది, సినిమా కూడా దానికోసం వంద రోజులు ఆగగలిగేది.

ఆ ఓపికని తీసేసింది వ్యాపారం. 1975 జూన్‌లో 'జాస్' విడుదలకి ముందు సుమారు 7 లక్షల డాలర్లు పెట్టి టీవీలో వరసపెట్టి ప్రకటనలు గుప్పించి, ఒకేసారి 400కి పైగా థియేటర్లలో వదిలారు. బాగా ఆడింది కాబట్టి అదే దారి అయింది. మన దగ్గరా ఇప్పుడంతే, వేల తెరల మీద ఒకేరోజు విడుదల, సోమవారానికల్లా జాతకం తేలిపోతుంది. పక్కూరి బావ నోరు విప్పేలోపే టికెట్లు అమ్మేయాలి. వంద రోజుల్లో నోటిమాట చేసిన పని రెండున్నర నిమిషాల ట్రైలర్ చెయ్యాలి. ట్రైలర్లు అంత గట్టిగా అరవడానికి కారణం ఇదేననుకుంటాను.

బరువు పెరిగేకొద్దీ దాచడం తగ్గింది. 2000లో 'కాస్ట్ అవే' ట్రైలర్, దీవిలో చిక్కుకున్న మనిషి తిరిగి ఇంటికి చేరతాడన్న సంగతి కూడా చెప్పేసింది. జనానికి ఏం కొనుక్కుంటున్నారో ముందే తెలియాలి, ఆశ్చర్యాలు వాళ్ళకక్కర్లేదు అని దర్శకుడు జెమెకిస్ సమర్థించుకున్నాడు. ఆయన మెక్‌డొనాల్డ్స్‌తో పోలిక కూడా తెచ్చాడు. చేదుగా ఉన్నా కొట్టిపారేయలేం. మనమూ మూడొందలు పెట్టేముందు అన్నీ తెలుసుకునే వెళ్తున్నాం కదా.

అయితే పాత చిట్కా చావలేదు. 2015 జులై 10న వచ్చిన 'బాహుబలి' మొదటి భాగం చివర్లో కట్టప్ప కత్తి దింపాడు. ఎందుకు? శేషం వెండితెరపై, 2017 ఏప్రిల్ 28న. ఇరవయ్యొక్క నెలలపాటు దేశమంతా ఆ ప్రశ్నని మోసింది. రెండో భాగానికి అసలు ట్రైలర్ మొదటి భాగమే!

ఇక కోర్టు సంగతి. 2016లో షారుక్ ఖాన్ 'ఫ్యాన్' ప్రచారంలో 'జబ్రా ఫ్యాన్' అనే పాట మోగిపోయింది. మహారాష్ట్రలో ఒక టీచర్ అది చూసి కుటుంబంతో సినిమాకెళ్ళారు. సినిమాలో ఆ పాట లేదు. ఆమె వినియోగదారుల ఫోరానికి వెళ్ళారు. జిల్లా ఫోరం కొట్టేసింది. రాష్ట్ర కమిషన్ మాత్రం 10,000 రూపాయల పరిహారం, 5,000 ఖర్చులు ఇమ్మంది, జాతీయ కమిషన్ కూడా సరేనంది. నిర్మాతలైన యశ్‌రాజ్ ఫిల్మ్స్ సుప్రీంకోర్టుకెళ్ళారు. 2024 ఏప్రిల్ 22న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పరిహారాన్ని రద్దుచేసింది. తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ. సారాంశం: ట్రైలర్ ఒప్పందం కాదు, ఒప్పందానికి ప్రతిపాదన కూడా కాదు. సినిమా గురించి ఆసక్తి రేపే ఏకపక్ష ప్రచారం మాత్రమే. ట్రైలర్‌లో ఉన్నదల్లా సినిమాలో ఉండి తీరాలని ఎవరూ హక్కుగా అడగలేరు.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. 'యెస్టర్‌డే' ట్రైలర్‌లో కనబడ్డ అనా దె అర్మాస్ సినిమాలో లేదని ఇద్దరు ప్రేక్షకులు దావా వేశారు. 2022 డిసెంబరులో అక్కడి జడ్జి, ట్రైలర్ కళాఖండమేమీ కాదు, వ్యాపార ప్రకటన, కాబట్టి మోసపూరిత ప్రకటనల చట్టం దానికీ వర్తిస్తుందన్నారు. ఆ కేసు తర్వాత నిలవలేదు గానీ, ఆ మాట మాత్రం నిలిచింది.

చట్టంలో మన కోర్టు చెప్పిందే సరి అని నాకూ అనిపిస్తుంది. ప్రతి ట్రైలర్‌నీ దస్తావేజు చేస్తే హిచ్‌కాక్ కూడా జరిమానా కట్టాల్సొచ్చేది. కానీ ఆ టీచర్ కోపం వెర్రిది కాదు. పాటల పుస్తకం రెండు పనులు చేసేది. కథ దాచేది, పాటలు మాత్రం జాబితా వేసి మన చేతిలో పెట్టేది. అన్నీ తెర మీద ఉండేవని కాదు, నిడివి కోసం కోసేసినవీ ఉన్నాయి. అయినా ఏది రహస్యమో ఏది సరుకో చూసేవాడికి తెలిసేది. ఇప్పటి ట్రైలర్లు చాలావరకు దీన్ని తిరగేశాయి, కథంతా చెప్పేసి సరుకు విషయంలో నసుగుతాయి.

అమ్మమ్మ కట్టలో ఉన్న సినిమాల్లో సగం ఆవిడ చూడనేలేదట. తాతయ్య పంపలేదు. పుస్తకాలు మాత్రం ఎవరెవరినో అడిగి తెప్పించుకునేది. చిన్నప్పుడు మాకు ఆ కథలు చివరిదాకా చెప్పేది, గెంటేసిన కోడలు తిరిగొచ్చి అత్తని ఏమందో మాటల్తో సహా. పెద్దయ్యాక వాటిలో ఒకటి యూట్యూబ్‌లో చూశాను. అమ్మమ్మ చెప్పిన ముగింపు అందులో లేదు. అందులో కోడలు అత్త కాళ్ళమీద పడింది. అమ్మమ్మ చెప్పినదాంట్లో పడలేదు.