సహజ వనరుల నిర్వహణలో ఉపగ్రహ రిమోట్ సెన్సింగ్ – చారిత్రక పరిణామం

ఒక వస్తువును తాకకుండా, దాని నుంచి వచ్చే వికిరణాన్ని నమోదు చేసి సమాచారం రాబట్టే పద్ధతిని రిమోట్ సెన్సింగ్ అంటారు. పచ్చని ఆకు సమీప పరారుణ కిరణాలను ఎక్కువగా పరావర్తనం చేస్తుంది. నీరు వాటిని దాదాపు పూర్తిగా శోషించుకుంటుంది. అందువల్లనే ఉపగ్రహ చిత్రంలో పైరు, చెరువు వేరువేరుగా కనిపిస్తాయి.

ఆరంభ దశ

మన దేశంలో ఈ ప్రయత్నం 1970 ప్రాంతంలో, కేరళ కొబ్బరితోటల తెగులును ఆకాశం నుంచి పరారుణ ఛాయాచిత్రాలతో గుర్తించడంతో మొదలైంది. దీనికి ఆచార్య పి.ఆర్. పిషారోటి నాయకత్వం వహించారు. 1972లో అమెరికా మొదటి ల్యాండ్‌శాట్‌ను ప్రయోగించింది. 1974లో హైదరాబాదు కేంద్రంగా జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఏర్పడింది. 1979లో షాద్‌నగర్ భూకేంద్రం ల్యాండ్‌శాట్ సమాచారాన్ని స్వీకరించసాగింది. 1988 మార్చి 17న ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.-1ఎ తో మనకు సొంతంగా పూర్తిస్థాయి రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం సమకూరింది. అది 22 రోజులకొకసారి అదే ప్రాంతాన్ని తిరిగి చిత్రించేది. 2008లో ఈ సంస్థ ఇస్రోలో భాగంగా జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమైంది.

జలాశయాల పూడిక

నిజామాబాదు జిల్లా పోచంపాడు వద్ద గోదావరిపై నిర్మించిన శ్రీరాంసాగర్ తొలి నిల్వ సామర్థ్యం 112 టి.ఎం.సి.లు. తరువాతి సర్వేల నాటికి అది సుమారు 90కి తగ్గింది. ఆ తగ్గుదలకు కారణం పూడిక. తగ్గిన ప్రతి టి.ఎం.సి. ఆయకట్టు రైతుకు నష్టమే. ఉపగ్రహం లోతును కొలవదు, నీటి విస్తీర్ణాన్ని మాత్రమే చూపుతుంది. అయితే వేర్వేరు నీటిమట్టాల వద్ద తీసిన చిత్రాల్లోని విస్తీర్ణాన్ని, అవే మట్టాల వద్ద నిర్మాణకాలంలో ఉన్న విస్తీర్ణంతో పోల్చితే పూడిక అంచనాకు వస్తుంది. నీరు ఎన్నడూ దిగని అడుగుభాగాన్ని మాత్రం పడవపై వెళ్లి కొలవవలసిందే.

పంటల గుర్తింపు: ధర్పల్లి ప్రాంతం

ధర్పల్లి, ఆర్మూరు ప్రాంతాల్లో పసుపును తరచుగా మొక్కజొన్నతో కలిపి వేస్తారు. వానాకాలంలో మేఘాలు అడ్డువస్తాయి; మేఘాలు తొలగినా పై నుంచి ముందుగా కనిపించేది ఎత్తైన మొక్కజొన్నే. అది కోతకు వచ్చాకే పసుపు బయటపడుతుంది. కనుక ఒక్క తేదీ చిత్రంతో పసుపు విస్తీర్ణాన్ని నిర్ణయిస్తే లెక్క తప్పుతుంది. పలు తేదీల చిత్రాలు, పొలంలో ప్రత్యక్ష పరిశీలన రెండూ అవసరం. 2012లో ప్రయోగించిన రిశాట్-1 వంటి రాడార్ ఉపగ్రహాలు మేఘాల ఇబ్బందిని తీర్చాయి గాని, పొలానికి వెళ్లే అవసరాన్ని తీర్చలేదు.

ముగింపు

ఉపగ్రహ చిత్రం తనంతట తాను తీర్పు కాదు, తేదీ ఉన్న ఒక సాక్ష్యం మాత్రమే. చరిత్ర విద్యార్థి శాసనాన్ని ఇతర ఆధారాలతో సరిపోల్చినట్లే, ఈ చిత్రాన్ని నేలపైని వాస్తవంతో సరిపోల్చాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఉపగ్రహ చిత్రాలతో జలాశయ పూడికను ఎలా అంచనా వేస్తారు?
2. పసుపు పంట విస్తీర్ణాన్ని గుర్తించడంలో ఒకే తేదీ చిత్రం ఎందుకు చాలదు?